పైడిరాజు కుడిచెయ్యి

పైడిరాజు చేతిని కాజేసింది అతని మరదలే. గాజువాకలో వెల్డింగ్ పనిచేసే వాళ్ళంతా ఆ మాట అన్నారు. చాటుగా కాదు, కుసుమ ఎదుటే అన్నారు. ఆమె కాదనలేదు.

మొదలుపెట్టినప్పుడు ఆమె ఉద్దేశం మంచిదే. కుసుమ చదివింది నరాల గురించి, కండరాల గురించి. ఊరి చివర కొండవాలులో ఉన్న పరిశోధన కేంద్రంలో ఆరేళ్ళు కష్టపడి ఒక తొడుగు తయారుచేసింది. మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా చర్మంలా అతుక్కునే పల్చటి తొడుగు అది. పనిమంతుడి చేతికి తొడిగితే, అతని కండరాలు ఎప్పుడు బిగిసాయో, ఎప్పుడు వదులయ్యాయో అంతా గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత దాన్ని ఏమీ తెలియనివాళ్ళ చేతికి తొడిగితే, ఆ కదలికల్నే వాళ్ళ చేత చేయిస్తుంది.

పనిమంతుడు కావలసివచ్చినప్పుడు కుసుమకు ముందుగా గుర్తొచ్చింది బావే. పైడిరాజు బాయిలర్ గొట్టాలు అతికే వెల్డరు. గొట్టం వెనకవైపు, కంటికి కనిపించని చోట కూడా అద్దంలో చూసుకుంటూ అతుకు వేయగలడు. అతను వేసిన అతుకుని ఎక్స్‌రే తీసి, తప్పు వెతకలేక విసుక్కున్న ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు.

నలభై రోజులు సెలవుపెట్టి ప్రయోగశాలకు వెళ్ళాడు. తొడుగు వేసుకుని వంగి, పడుకుని, మోకాళ్ళ మీద కూర్చుని అతుకులు వేశాడు. నలభై ఒకటో రోజున కుసుమ అదే తొడుగు తన చేతికి వేసుకుంది. జన్మలో వెల్డింగ్ హోల్డరు పట్టని మనిషి, నల్లద్దం మొహానికి పెట్టుకుని రెండు గొట్టాలు అతికింది. ఎక్స్‌రే ఫిల్ముని వెలుతురుకు ఎత్తిపట్టి పైడిరాజు చాలాసేపు చూశాడు.

"ఇది నా అతుకే" అన్నాడు.

"నీదే బావా! ఎలా వచ్చిందో చూశావా?"

"దీనికోసరం మా మేస్త్రీ చేత ఎన్నేళ్ళు తన్నులు తిన్నానో నీకు తెలీదు. నువ్వు పావుగంటలో ఏసీసినావు."

"అందుకే కదా ఇది. ఇంక ఎవరూ తన్నులు తినక్కర్లేదు. పొగలో ఏళ్ళకేళ్ళు పాడుచేసుకోనక్కర్లేదు."

ఆమె నవ్వుతోంది. అతను నవ్వలేదు. ఆమె ముందుపెట్టిన కాగితాల్లో ప్రతి పేజీ మీదా సంతకం చేసి బస్సెక్కాడు. ఆ కాగితాలు ఏమిటని అతను అడగలేదు. ఆమె కూడా పూర్తిగా చదవలేదు.

ఏడాది తిరగకుండా పరిశోధన కేంద్రం ఆ తొడుగుని సాగరతేజ బాయిలర్స్ అనే కంపెనీకి ఇచ్చింది. పైడిరాజు పనిచేసేది అక్కడే. ఆ వెనకే రాష్ట్రంలోని కంపెనీలన్నిటికీ ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. ఉపాధి పెంచడానికి కొత్త విధానమట. అందులో ఒక వాక్యాన్ని కార్మికులు పేపర్లోంచి కత్తిరించి గేటుకి అంటించారు: 'పనితనం కార్మికునిలో గాక పరికరంలో ఉన్నప్పుడు, ఆ పనిని నైపుణ్యం అక్కరలేని పనిగా పరిగణించవలెను.'

ఆ ఆదివారం మధ్యాహ్నం కుసుమ అక్కగారింటికి వెళ్ళింది. మంగవేణి తలుపు తీసింది గానీ గుమ్మంలోంచి జరగలేదు.

"ఎందుకొచ్చినావు?"

"బావతో మాట్లాడాలక్కా."

"మాటాడు. ఆయన సెయ్యి నీకాడే ఉంది కదా, దాంతో మాటాడు."

లోపలి నుంచి పైడిరాజు "రానీ" అన్నాడు. మంచం మీద కూర్చుని ఉన్నాడు. కూర్చోమని అనలేదు.

"సోమవారం నుంచి అందరూ తొడుగు ఏసుకోవాలంట. వట్టి సేత్తో ఏసిన అతుక్కి బీమా కంపెనీవోల్లు ఒప్పుకోరంట. నాను కూడా ఏసుకోవాలంట."

"నువ్వెందుకు? అందులో ఉన్నది నీ పనే కదా?"

"అదే అడిగినాను మేనేజర్ని. నా సేతికి నా సెయ్యి తొడగడవేటయ్యా అని. రూలంటే రూలే అన్నాడు. ఏసుకున్న మరుక్షణం నాను కూలీ. నిన్నటి దాకా వెల్డర్ని."

"బావా, నేను ప్రభుత్వానికి ఉత్తరం రాస్తాను. నా ఉద్దేశం ఇది కాదు."

"నీ ఉద్దేశం ఎవులు అడిగినారే?" అంది మంగవేణి. "మా బతుకులో ఏలు పెట్టీసి ఇప్పుడు ఉత్తరం రాస్తాదంట!"

కుసుమ ఉత్తరం రాసింది. అందిందని జవాబు వచ్చింది. అంతే.

*

సోమవారం షెడ్డులోకి ముప్ఫైమంది కొత్తవాళ్ళు వచ్చారు. సగం మంది ఆడవాళ్ళే. రొయ్యల షెడ్లలో తలకాయలు గిల్లి, మంచునీళ్ళలో నానిన వేళ్ళతో వచ్చారు. అక్కడ ఆ పని మిషన్లు చేస్తున్నాయి. పైడిరాజు పక్క బల్ల దాలమ్మకు ఇచ్చారు. ముప్ఫై ఏళ్ళ మనిషి, గట్టి గొంతు.

పాత వెల్డర్లు ఆమెను పలకరించలేదు. మంచినీళ్ళ కుండ దగ్గర ఒకాయన గ్లాసు తీసి జేబులో పెట్టుకున్నాడు. దాలమ్మ దోసిలి పట్టి తాగి, మూతి తుడుచుకుంది.

"మీ ఉజ్జోగాలు నానేటి ఎత్తుకుపోనేదు" అంది అందరికీ వినిపించేలా. "నన్ను రమ్మన్నారు, వచ్చినాను. రొయ్యల కాడికంటే ఇక్కడ నాకు మెరుగే. మీకు తక్కువైతే ఆపీసుకెల్లి అడగండి. ఆడమనిసి కాడ గ్లాసు దాసుకోడం కాదు."

"నీ సేతిలో ఉన్నది ఎవరిదో తెలుసా?" అన్నాడు పైడిరాజు.

"తెలుసు. నీదంట. అయితే నన్నేటి సెయ్యమంటావు, దండం ఎట్టమంటావా?"

పైడిరాజు నల్లద్దం దించుకుని పనిలో పడ్డాడు.

తొడుగుతో అతని యాతన వేరు. దాలమ్మకు అది దారి చూపించేది. అతనికి అడ్డం వచ్చేది. తొడుగులో ఉన్నది ప్రయోగశాలలో అతికిన ఆ నలభై రోజుల పైడిరాజే. రోజూ కొంచెం మార్చుకుంటూ పోవడం అతనికి అలవాటు. ఇనుము తీరుని బట్టి, గాలిని బట్టి, మండే మెరుపు చప్పుడుని బట్టి చెయ్యి దానంతట అది సర్దుకునేది. ఇప్పుడు అలా సర్దుకోబోతే తొడుగు వెనక్కి లాగేది. మణికట్టు మీద ఎవరో చెయ్యివేసి, 'అలా కాదు, ఇలా' అని దిద్దుతున్నట్టుండేది. దిద్దేది తనే. పాత తను.

ఆరు నెలలకు మణికట్టు వాచింది. ఏడాదికి వాపు తగ్గింది. చెయ్యి ఎదురుతిరగడం మానేసింది. అది మంచికే అనుకున్నాడు.

శ్రావణంలో వానలు ఆగకుండా కురిశాయి. వెల్డింగ్ రాడ్లకు చెమ్మ తగలకుండా కాచే పొయ్యి పాడైపోయింది. మరమ్మతు చేయించమంటే, తొడుగు ఉండగా పొయ్యి ఎందుకన్నాడు మేనేజరు కామేశ్వర్. ఒక ఉదయం పెద్ద గొట్టానికి అతుకు మొదలుపెట్టగానే పైడిరాజుకు చిటపటల చప్పుడు తేడాగా వినిపించింది. రాడ్డు చెమ్మ పట్టింది. ఆ అతుకు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం సన్నగా పగులుతుంది.

ఆపబోయాడు. చెయ్యి ఆగలేదు.

అతుకు మధ్యలో ఆగితే పాడవుతుందని, మెరుపు వెలిగాక చివరిదాకా తొడుగు వదలకుండా బిగించి పెట్టింది కుసుమే. పైడిరాజు భుజం బలంతో గుంజాడు. అరిచాడు. అతని చెయ్యి మాత్రం నిదానంగా, అందంగా, గొట్టం చుట్టూ చివరిదాకా వెళ్ళి ఆగింది.

తొడుగు లాగి పారేసి కామేశ్వర్ గదికి వెళ్ళాడు.

"ఆ అతుకు కోసీయండి. రాడ్డు తడిసింది."

"మీటరు పచ్చలైటు చూపించింది పైడిరాజూ. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. తొడుగు వేసినదానికి ఎక్స్‌రే కూడా అక్కర్లేదు."

"కొలతలు సరిగ్గానే ఉంటాయి. ఇనుముకి సరిపోవాల కదా!"

"నీ కూలికి నువ్వు పని చెయ్యి. ఇనుము సంగతి చూసుకోడానికి ఇంజనీర్లున్నారు."

పదోరోజున ఆవిరి పరీక్ష పెట్టారు. ఆ అతుకు దగ్గరే గొట్టం పగిలింది. ఫిట్టరు కొండబాబు ఆస్పత్రికి చేరకుండానే చనిపోయాడు.

*

విచారణ కలెక్టరాఫీసు పక్కనున్న పాత హాల్లో పెట్టారు. కంపెనీ వకీలు నెమ్మదైన మనిషి. పైడిరాజుని 'గారు' అంటూ మొదలుపెట్టాడు.

"పైడిరాజు గారూ, ఆ అతుకు వేసింది ఎవరి చెయ్యి?"

"నాదే."

"తొడుగులో ఉన్న పనితనం ఎవరిది?"

"అదీ నాదే."

"ఈ కాగితం మీద సంతకం?"

పైడిరాజు చూశాడు. ప్రయోగశాలలో పెట్టిన సంతకమే. వకీలు చదివాడు: 'నమోదైన చలనాల నాణ్యతకు దాత పూచీ వహించును.'

"దాత అంటే మీరే. తొడుగూ మీదే, చెయ్యీ మీదే. అలాంటప్పుడు ఈ మరణానికి కంపెనీ ఎలా బాధ్యురాలవుతుంది?"

హాలంతా గొడవ లేచింది. పైడిరాజు వకీలుని కాదు, బల్ల వెనకున్న విచారణాధికారిని చూస్తూ అడిగాడు:

"బాబూ, జీతం కాడికి వచ్చీసరికి పనితనం నాది కాదన్నారు. తొడుగుదన్నారు. నన్ను కూలీని సేసీసినారు. మనిసి సచ్చిపోయీసరికి ఆ పనితనం మల్లీ నాదైపోనాదా? ఏదో ఒకటి సెప్పండి. నాదైతే ఈ పద్నాలుగు నెలలూ నాను వెల్డర్ని. నాది కాకపోతే కొండబాబుని సంపింది నాను కాదు."

అధికారి కాగితాలు తిప్పాడు. ఆపబోతే తొడుగు లాక్కుపోయిందని పైడిరాజు వాంగ్మూలంలో ఉంది; ఆ రోజు అది ఎంత బలంతో లాగిందో లెక్క ఉండాలి కదా అని అడిగాడు. వారం దాటితే చెరిగిపోతుందన్నాడు కామేశ్వర్.

వెనక వరసలో ఉన్న కుసుమ లేచి నిలబడింది. చెరిగిపోలేదని ఆమెకు తెలుసు. పరిశోధన కోసం ప్రతి తొడుగు లెక్కా ఆమె ప్రయోగశాలకు చేరుతుంది. అది బయటపెడితే ఒప్పందం ఉల్లంఘించినట్టేనని డైరెక్టరు పొద్దున్నే హెచ్చరించి పంపాడు. మంగవేణి అటువైపు కూర్చుని ఆమెను కన్నార్పకుండా చూస్తోంది.

"లెక్క నా దగ్గరుంది సార్. కాగితం మీద చూపిస్తే మీకు అర్థం కాదు. మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

వకీలు అభ్యంతరం చెప్పాడు. అధికారి చొక్కా చెయ్యి మడిచాడు. కుసుమ సంచీలోంచి, ఆ రోజు లెక్క ఎక్కించి తెచ్చిన తొడుగు తీసి తొడిగింది. ఆయన చేతికి ఆయన పెన్నే ఇచ్చి, ముందు ఒక తెల్లకాగితం పెట్టింది.

"నెమ్మదిగా గీత గీయండి. నేను చెప్పగానే ఆపండి."

గీత మొదలైంది. "ఆపండి" అంది కుసుమ.

పెన్ను ఆగలేదు. అధికారి నుదురు ముడిపడింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని ఆపబోయాడు. పెన్ను తెల్లకాగితం దాటి, పక్కనున్న ఫైలు మీదకి ఎక్కి, ఆయన సంతకాల మీదుగా చక్కటి వంపు తిరిగింది. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

"తియ్యండి! ఏమిటిది? ముందు ఇది తియ్యండి!"

"చివరిదాకా వెళ్ళేవరకూ రాదు సార్. ఆ రోజు పదకొండు గంటలకి ఆయన చేతిని లాగింది ఇదే బలం. ఆయన కూడా తియ్యమనే అరిచాడు. అలా బిగించింది నేను. ఆ కాగితం మీద సంతకం పెట్టించింది కూడా నేనే."

తొడుగు వదిలాక అధికారి చేతిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు రుద్దుకున్నాడు. పైడిరాజు తప్పు లేదని నెల తిరక్కుండానే తీర్పు వచ్చింది. రాష్ట్రమంతటా తొడుగుల వాడకం ఆపేశారు. కుసుమ ఉద్యోగం పోయింది.

*

అక్కడితో అయిపోతే బాగుండేది.

తొడుగులు ఆపిన రోజునే నాలుగు వేల మందికి పని పోయింది. సాగరతేజ వాళ్ళు పాత వెల్డర్లను పిలవలేదు. అతికిన గొట్టాలు వేరే దేశం నుంచి ఓడలో తెప్పించుకోవడం చౌక అని లెక్కకట్టి, షెడ్డుకి తాళం వేశారు. ఉపాధి విధానం విఫలం కావడానికి కార్మికుల నిరసనలే కారణమని ఒక మంత్రి ప్రకటించాడు.

పనిపోయినవాళ్ళు పైడిరాజు ఇంటి ముందుకి వచ్చారు. ముందు దాలమ్మ ఉంది. కుసుమ ఆ పూట అక్కగారింట్లోనే ఉంది. మంగవేణి ఇంకా ఆమెతో మాట్లాడటం లేదు.

"గెలిసినావంట కదా!" అంది దాలమ్మ పైడిరాజుతో. "నీ సెయ్యి నీకు దక్కింది. మరి మా సేతులకేటి? రొయ్యల షెడ్డులో మిషన్లు ఎట్టీసినారు. ఇది మూసీసినారు."

"కొండబాబు సచ్చిపోయినాడే!"

"నాకు తెల్దా? ఆడు నాకు వరసకి తమ్ముడు. పొయ్యి బాగుసెయ్యమంటే సెయ్యనోడిని వదిలీసి, అందరి తొడుగులూ పీకించీసినారు. నీ మరదలు సదువుకున్నాది కదా, ఆ మాత్రం తెల్దా?"

కుసుమ బయటికి వచ్చింది. "నేను లెక్క బయటపెట్టాను. మూసేయమని చెప్పలేదు."

"నువ్వు ఏటీ సెప్పవు. సేస్తావంతే. తొడుగు సేసినప్పుడూ మమ్మల్ని అడగనేదు, తీయించినప్పుడూ అడగనేదు."

ఎవరో విసిరిన చెప్పు గోడకు తగిలి అరుగు మీద పడింది. మంగవేణి దాన్ని తీసి తిరిగి గుంపులోకే విసిరింది.

పైడిరాజు చెయ్యి అతనికి దక్కిందన్న మాట కూడా నిజం కాదని తర్వాత వారంలో తెలిసింది. పాత పరిచయమున్న షాపులో హోల్డరు పట్టుకుని మెరుపు వెలిగించాడు. చెయ్యి కదల్లేదు. ఎవరో లాగుతారని చూస్తున్నట్టు అక్కడే నిలబడిపోయింది. రాడ్డు ఇనుముకి అంటుకుపోయింది. మళ్ళీ వెలిగించాడు. ఈసారి వణుకు. తొడుగు ఏం చెబితే అది చేసి చేసి, చెయ్యి తనంత తాను మొదలుపెట్టడం మరిచిపోయింది.

అది విని కుసుమ తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క తొడుగు తెచ్చింది.

"బావా, ఇందులో నీ కదలికలున్నాయి. లాగే బలం తగ్గించాను. కొన్నాళ్ళు వేసుకుంటే చెయ్యి మళ్ళీ దారిలో పడుతుంది."

అతను ఆమె వైపు అసహ్యంగా చూశాడు.

"నా కాడ నేర్సుకున్న దాని కాడ నన్ను నేర్సుకోమంటావు. తీసుకుపో. తగలెట్టీస్తాను లేపోతే."

*

ఆటోనగర్‌లో గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే సత్యారావు షాపులో ఒక పని ఖాళీ ఉందని తెలిసి పైడిరాజు వెళ్ళాడు. కుసుమ తోడు వెళ్ళింది. రావద్దన్నా వెళ్ళింది. అక్కడ దాలమ్మ అప్పటికే కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకర్నొకరు చూసి మొహాలు తిప్పుకున్నారు.

సత్యారావు ఇద్దరికీ చెరో రెండు ఇనపబద్దలు పడేశాడు. "అతికి చూపించండి. వట్టి చేతుల్తో."

దాలమ్మ ముందు వేసింది. తొడుగుతో ఏడాది పైగా చేసిన పనిని చేతులు ఎంతో కొంత పట్టుకున్నట్టున్నాయి. అతుకు ఎగుడుదిగుడుగా ఉంది గానీ పట్టింది. సత్యారావు నేలకేసి కొట్టినా ఊడలేదు.

పైడిరాజు వంగాడు. మెరుపు వెలిగింది, ఆగింది. మళ్ళీ వెలిగింది. చెమట కళ్ళలోకి కారింది. ఎడంచేత్తో కుడిచేతిని పట్టుకుని సగం దాకా లాక్కొచ్చాడు. సత్యారావు ఆ బద్దను ఎత్తి చూడకుండానే పక్కకి నెట్టాడు.

"సాగరతేజ పైడిరాజువి నువ్వేనా?"

"నానే."

"అలాగా" అని, దాలమ్మ వైపు తిరిగాడు. "రేపట్నుంచి రా. హెల్పరు కూలి ఇస్తాను."

పైడిరాజు అప్పటికే గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి, దాలమ్మ అతికిన బద్ద తీసి చూశాడు.

"గేటుకైతే సరిపోతాది. బాయిలరుకి పనికిరాదు" అన్నాడు.

దాలమ్మ సర్రున లేచింది. "బాయిలర్లు ఎవులిస్తన్నారు మనకి?"

అతను బద్ద తీసుకెళ్ళి సత్యారావు బల్ల మీద టంగుమని పెట్టాడు.

"ఇది హెల్పరు ఏసిన అతుకా?"

"ఏమిటి నీ గోల? నీకు పని లేదు, వెళ్ళు!"

"నాకు నేదు సరే. దీనికి తొడుగేదీ? ఇది ఏసింది ఈ మనిసి. అతుకు ఏసినోలు హెల్పరు కాదు, వెల్డరు. పుస్తకంలో అలాగే రాయి. హెల్పర్నే ఎట్టుకుంటానంటే అతుకులు నువ్వే ఏసుకో."

"నువ్వెవడివి నాకు చెప్పడానికి?"

"పద్నాలుగు నెలలు కూలీగా రాయించుకున్నోడిని. రాసినదాకా ఇక్కడే నించుంటాను. గిరాకీ వస్తే ఆల్లకీ ఇదే సెప్తాను."

సత్యారావు తిట్టాడు. పైడిరాజు కదల్లేదు. వణికే కుడిచెయ్యి బల్ల మీద ఆనించి నిలబడ్డాడు. గేటు కోసం ఎవరో దంపతులు వచ్చి, గొడవ చూసి తటపటాయించారు. సత్యారావు పళ్ళు నూరుకుంటూ హాజరు పుస్తకం లాగాడు.

"పేరు?"

"దాలమ్మ."

"పని?"

ఆమె పైడిరాజు వైపు చూసింది. ఆ చూపులో ఇష్టం లేదు. కొండబాబు ఉన్నాడు, మూసేసిన షెడ్డు ఉంది.

"వెల్డరు" అంది.

అది రాయడం చూశాక పైడిరాజు బయటికి నడిచాడు. కుసుమ వెంటపడింది.

"బావా..."

"నాతో రాకు. నీతో మాటాడడానికి నాకింకా మనసు రానేదు."

ఆమె రోడ్డు పక్కనే ఆగిపోయింది. అతను నాలుగు షాపులు దాటి, అయిదో షాపు రేకుల తలుపు ముందు ఆగాడు. చెయ్యి జేబులో పెట్టుకోలేదు.

"వెల్డరు కావాలా?" అని అడిగాడు.